బాలికల క్యాంపస్‌లో సీటు ఇచ్చే ముందు ఒక కాగితం ఇప్పించండి

గౌరవనీయులైన సంపాదకులకు,

పదో తరగతి పరీక్షలకు ఇంకా రెండు నెలలకు పైగా గడువున్నా, మా ఖమ్మంలో ఆడపిల్లలున్న ఇళ్ల గడపలు కార్పొరేట్ జూనియర్ కళాశాలల పీఆర్వోల రాకపోకలతో అప్పుడే అరిగిపోతున్నాయి. ఏ ఇంట్లో పదో తరగతి పిల్ల ఉందో, ఏ బడిలో చదువుతోందో, తండ్రి ఫోన్ నంబరేమిటో వారికి మనం చెప్పనక్కర లేదు. మా మనవరాలి కోసం ఈ నెలలో ముగ్గురు వచ్చారు. ఇప్పుడే సీటు రిజర్వు చేసుకుంటే ఫీజులో రాయితీ ఉంటుందని, సంక్రాంతి దాటితే ఉండదని ముగ్గురూ ఒకే మాట చెప్పారు. ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో ఇరవై తొమ్మిదేళ్లు భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని కనుక ఈ హడావుడి నాకు కొత్త కాదు. అయితే ఇంతకాలం బల్లకు ఇటువైపు కూర్చుని చూసినదాన్ని ఈసారి అటువైపు, పిల్ల చెయ్యి పట్టుకుని, కూర్చుని చూడవలసి వచ్చింది. ఆ అనుభవం వల్ల కలిగిన ఒకే ఒక విన్నపాన్ని మీ పత్రిక ద్వారా ఇంటర్మీడియట్ బోర్డు దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇంటర్మీడియట్ ప్రవేశాలు పదో తరగతి ఫలితాల ఆధారంగానే జరగాలని, అందుకోసం ప్రవేశ పరీక్షలు పెట్టరాదని, తన ప్రకటన వెలువడక ముందే ఎవరినీ చేర్చుకోరాదని బోర్డు చెబుతూనే ఉంటుంది. ఆ మాటను ఎవరూ బాహాటంగా కాదనరు. కాకపోతే ప్రవేశ పరీక్షకు టాలెంట్ టెస్ట్ అనీ, ప్రవేశానికి సీటు రిజర్వేషన్ అనీ, ముందస్తు ఫీజుకు అడ్వాన్సు అనీ పేర్లు మార్చారు. మా మనవరాలు ఒక ఆదివారం ఉదయం ఆ టాలెంట్ టెస్ట్ రాసింది. వచ్చిన మార్కులను బట్టి ఫీజులో ఎంత తగ్గించాలో నిర్ణయించారు. అదే మార్కులను బట్టి ఏ బ్యాచ్‌లో వేయాలో కూడా నిర్ణయించారని మాకు తర్వాత తెలిసింది. అంటే పదో తరగతి సిలబస్ కూడా పూర్తికాని పదిహేనేళ్ల పిల్ల ఒక పూట రాసిన పరీక్షే రాబోయే రెండేళ్లలో ఆమెకు ఎవరు పాఠం చెబుతారో, ఏ పుస్తకం చేతికిస్తారో, ఎవరి పక్కన కూర్చోబెడతారో తేల్చేసిందన్నమాట.

మేము చూడటానికి వెళ్లింది హైదరాబాదు శివార్లలో, కేవలం బాలికల కోసం నడిపే ఒక క్యాంపస్. డే స్కాలర్లూ హాస్టల్ విద్యార్థినులూ అక్కడే చదువుతారు. స్వాగత గదిలో గోడ నిండా ర్యాంకులు. నేను కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయిని చాలా మామూలు ప్రశ్న అడిగాను: "గత ఏడాది ఈ క్యాంపస్ నుంచి ఎంతమంది జేఈఈ రాశారమ్మా?" ఆ అమ్మాయి గోడ వైపు చూపించింది. ఆ ర్యాంకులు ఈ క్యాంపస్‌వేనా అని అడిగితే, తమ సంస్థవి అంది. గోడ మీద లవం ఉంది, హారం లేదు. లెక్కల పరీక్షలో ఏ పిల్ల అయినా అలా రాస్తే సున్నా వేస్తాం కదా అని నవ్వుతూనే అన్నాను. ఆ అమ్మాయి కూడా పాపం నవ్వింది గానీ, ఆమె దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. ఆ తర్వాత భౌతికశాస్త్ర ప్రయోగశాల చూపించమన్నాను. తాళం ఎవరి దగ్గర ఉందో తెలుసుకోవడానికి అరగంట పట్టింది. తీసి చూస్తే, స్క్రూగేజీలు, వెర్నియర్ క్యాలిపర్లు కొన్న నాటి అట్టపెట్టెల్లోనే భద్రంగా ఉన్నాయి. ఎంపీసీ (గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల గ్రూపు) వారికి ఇంతకాలం రెండో ఏడాదిలో భౌతిక, రసాయన శాస్త్రాలకు 30 మార్కుల చొప్పున 60 ప్రాక్టికల్ మార్కులుంటూ వచ్చాయి. పెట్టె విప్పని పరికరాలతో ఆ మార్కులు ఎలా వస్తాయో, ఎగ్జామినర్‌గా అనేక కేంద్రాలు తిరిగిన నాకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఎవరో రాసిన రికార్డును రాత్రికి రాత్రి ఎక్కించుకుని వచ్చిన పిల్లలను నేను చాలామందిని చూశాను. తప్పు వాళ్లది కాదు.

బాలికల క్యాంపస్‌లు ఇంతగా పెరగడానికి ఒక మంచి కారణం ఉందని కూడా ఇక్కడ చెప్పాలి. ఐఐటీల్లో అమ్మాయిల సంఖ్య మరీ తక్కువగా ఉందని 2018లో వారికోసం అదనపు సీట్లు సృష్టించి, వారి వాటా 14 శాతానికి తగ్గకుండా చూశారు. 2019లో దాన్ని 17కు, 2020లో 20కి పెంచారు. దానితో, అంతవరకు ఆడపిల్లను బైపీసీలో చేర్చడమే ఆనవాయితీగా ఉన్న ఇళ్లలో సైతం ఎంపీసీ మాట వినబడింది. ఇది సంతోషించదగిన మార్పే. కానీ సీఈసీ (పౌరశాస్త్రం, ఆర్థికశాస్త్రం, వాణిజ్యశాస్త్రం), హెచ్ఈసీ (చరిత్ర, ఆర్థికశాస్త్రం, పౌరశాస్త్రం) గ్రూపుల్లో చదవాలనుకునే అమ్మాయికి ఈ క్యాంపస్‌లలో చాలా చోట్ల చోటే లేదు. చరిత్ర, పౌరశాస్త్రం ఇష్టమన్న మా మనవరాలితో అక్కడి కౌన్సెలర్ "అవి ఇంట్లో కూర్చుని కూడా చదువుకోవచ్చు" అన్నాడు. కౌన్సెలర్ అంటే అక్కడ అర్థం, ఫీజు మాట్లాడే మనిషి.

ఇక డే స్కాలరా, హాస్టలా అన్న సంగతి. ఆడపిల్లల విషయంలో దీన్ని తేల్చేది పిల్ల ఇష్టం కాదు, తల్లిదండ్రుల స్తోమత కూడా కాదు, కళాశాల గంట. ఉదయం ఏడింటికల్లా మొదటి స్టడీ అవర్, సాయంత్రం తరగతులయ్యాక మళ్లీ రాత్రి ఎనిమిది వరకు స్టడీ అవర్ అంటే, ఊరి అంచున ఉండే ఇంటి నుంచి రోజూ వచ్చిపోయే పిల్ల తెల్లవారక ముందు బయలుదేరి చీకటి పడ్డాక ఇంటికి చేరాలి. చివరి స్టాప్ దగ్గర నుంచి ఇంటి దాకా నడిచే ఆ పది నిమిషాల గురించి ప్రతి తల్లీ ఆలోచిస్తుంది. అబ్బాయికైతే సైకిల్ కొనిస్తారు. అమ్మాయినైతే హాస్టల్లో వేస్తారు. అలా భయం వల్ల హాస్టల్‌కు వెళ్లిన పిల్లను క్యాంపస్ వారు తమ చదువు మీద నమ్మకంతో చేరిన పిల్లగా లెక్క వేసుకుంటారు. డే స్కాలర్లను సాయంత్రం అయిదున్నరకు వదిలిపెట్టే బాలికల కళాశాల ఒక్కటి ఉన్నా, హాస్టల్ ఫీజు కట్టలేక అప్పుచేసే కుటుంబాలు కొన్నయినా ఊపిరి పీల్చుకుంటాయి. మేము అడిగినప్పుడు, డే స్కాలర్లకు వేరే టైంటేబుల్ ఉందని నోటితో చెప్పారు. రాసిమ్మంటే, చేరాక ఇస్తామన్నారు.

హాస్టల్ లోపలి సంగతులు ఇంకా సున్నితమైనవి. ఎన్ని గదులకు ఒక వార్డెన్, రాత్రిపూట పిల్లకు నెలసరి నొప్పి వస్తే తలుపు తట్టవలసింది ఎవరి గదికి, ఫోన్ వారానికి ఎన్ని నిమిషాలు, ఔటింగ్ నెలకు ఒకసారా రెండుసార్లా అన్నవి చేరేముందు అడిగితే చాదస్తంగా చూస్తారు. నేను అడిగాను. "మేడం, మీరు చదువు గురించి అడగండి" అన్నారు. పదహారేళ్ల పిల్ల నిద్ర, తిండి, మరుగుదొడ్డి చదువులో భాగం కావని ఎవరు చెప్పారో నాకు తెలియదు.

ఈ సందర్భంలో అందరూ చదవవలసిన తీర్పు ఒకటి ఉంది. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్‌కు సిద్ధమవుతూ 2023లో మరణించిన పదిహేడేళ్ల విద్యార్థిని కేసును, ఆమె తండ్రి చేసిన అప్పీలుపై, సుప్రీంకోర్టు 2025 జూలై 25న సీబీఐకి అప్పగించింది. అంతటితో ఆగకుండా, విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలను జారీచేసింది. నూరుమంది లేదా అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒకరైనా ఉండాలని, చదువులో ప్రతిభను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడాన్ని సాధ్యమైనంత వరకు మానుకోవాలని, నలుగురిలో అవమానించరాదని, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టరాదని, హాస్టళ్లలోనూ తరగతుల్లోనూ సహాయ నంబర్లు కనబడేలా రాసిపెట్టాలని అందులో ఉంది. టాలెంట్ టెస్ట్ మార్కులతో బ్యాచ్‌లు విడదీసే పద్ధతికీ, ఫీజు మాట్లాడే మనిషిని కౌన్సెలర్ అని పిలిచే పద్ధతికీ ఇంతకన్నా సూటి సమాధానం లేదు. మేము చూసిన క్యాంపస్‌లో ఏ గోడ మీదా 14416 అనే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం) నంబరు నాకు కనబడలేదు. ర్యాంకులకు మాత్రం చోటు సరిపోలేదు.

నిబంధనలు లేక కాదు మన ఇబ్బంది. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలిచ్చింది: పదహారేళ్ల లోపు పిల్లలను చేర్చుకోరాదు, మధ్యలో మానేసిన వారికి మిగిలిన కాలానికి ఫీజును, హాస్టల్లో ఉంటే హాస్టల్, మెస్ ఫీజులతో సహా, పదిరోజుల్లో తిరిగి ఇవ్వాలి. అదే ఏడాది నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనలపై ఆంక్షలు పెట్టింది. ర్యాంకు సాధించిన విద్యార్థి ఫొటో వేస్తే ఆ విద్యార్థి ఏ కోర్సు, ఎంతకాలం చదివిందో కూడా చెప్పాలంది. ఈ రెండింటినీ చూపించి అడిగితే మాది కోచింగ్ సెంటర్ కాదు, జూనియర్ కళాశాల అంటారు. సెక్షన్‌కు 88 మంది, ప్రయోగశాల, ఆటస్థలం, అర్హతగల అధ్యాపకులు అన్న బోర్డు నిబంధనలను చూపించి అడిగితే మా పిల్లలది ప్రత్యేక కోచింగ్ ప్రోగ్రాం, మామూలు కళాశాలతో పోల్చకండి అంటారు. ఈ గోడమీది పిల్లివాటమే అసలు చిక్కు. సుప్రీంకోర్టు మార్గదర్శకాలు బడులకు, కళాశాలలకు, కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్లకు అన్నిటికీ కలిపి వర్తిస్తాయి కనుక, వాటి ముందైనా ఆ గోడ నిలవకూడదు.

ఇదే రాష్ట్రంలో దీనికి పూర్తిగా ఎదురుదిక్కున నడిచే బాలికల విద్యాలయాలూ ఉన్నాయి. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో టాలెంట్ టెస్ట్ లేదు. తల్లిదండ్రులు లేని పిల్లను, బడి మధ్యలో మానేసిన పిల్లను ముందు చేర్చుకుంటారు. సీట్లలో 75 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ బాలికలకు, మిగిలినవి దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాల వారికి. మొదట ఎనిమిదో తరగతి వరకే ఉన్న వీటిలో కొన్నింటిని ఇప్పుడు ఇంటర్ వరకు పెంచారు. అక్కడ అన్నీ సవ్యంగా ఉన్నాయని నేను అనను. గదులు చాలవు, సిబ్బందికి జీతాల బాధ ఉంది. కానీ ఎవరిని చేర్చుకుంటారు, ఎందుకు చేర్చుకుంటారు అన్నది అక్కడ కాగితం మీద ఉంది, ఎవరైనా చదవవచ్చు. లక్షలు తీసుకునే క్యాంపస్ ఆ మాత్రం ఎందుకు రాసివ్వలేదన్నదే నా ప్రశ్న.

నా విన్నపం చిన్నది. బాలికలను చేర్చుకునే ప్రతి జూనియర్ కళాశాలా, డబ్బు ముట్టుకునే ముందు, ప్రిన్సిపల్ సంతకంతో తెలుగులో ఒక పేజీ కాగితాన్ని తల్లిదండ్రుల చేతికివ్వాలని బోర్డు ఆదేశించాలి. అందులో ఆ క్యాంపస్ నుంచే గత ఏడాది ఇంటర్, జేఈఈ, నీట్ రాసినవారెందరో, వారిలో ఎందరికి ఎంత వచ్చిందో ఉండాలి. ఒక్కో సెక్షన్‌లో ఎందరుంటారో, సబ్జెక్టు వారీగా అధ్యాపకుల అర్హతలేమిటో, ప్రయోగశాలలో వారానికి ఎన్ని గంటలో, డే స్కాలర్ ఎన్నింటికి ఇంటికి బయలుదేరవచ్చో, హాస్టల్లో ఎందరికి ఒక మహిళా వార్డెనో, అర్హతగల కౌన్సెలర్ ఎవరో, మానేస్తే ఎంత సొమ్ము ఎన్ని రోజుల్లో తిరిగి వస్తుందో ఉండాలి. ఆ కాగితం ప్రతిని కళాశాల నోటీసుబోర్డు మీద, బోర్డు వెబ్‌సైట్‌లో కూడా పెట్టాలి. కొత్త చట్టం అక్కర లేదు. ఏటా ప్రవేశాల ప్రకటనలో రాసే షరతులకు మరొక్కటి చేరిస్తే చాలు. ఆ ప్రకటన వేసవిలో వస్తుంది కనుక సమయం కూడా ఉంది.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. అడ్వాన్సు కట్టేముందు, పిల్లను ఆ క్యాంపస్‌కు ఒక మామూలు పనిదినాన, సాయంత్రం ఆరు దాటాక తీసుకువెళ్లండి. ఆదివారం నాడు అన్ని క్యాంపస్‌లూ అందంగానే ఉంటాయి. మేము చేసిన పొరపాటు అదే. టెస్ట్ రాసిన ఆదివారమే మా అబ్బాయి పదివేలు కట్టాడు. ప్రయోగశాల తాళం సంగతి, రాసివ్వని టైంటేబుల్ సంగతి ఆ తర్వాతి బుధవారం వెళ్లినప్పుడు బయటపడ్డాయి. ఆ పదివేలు తిరిగి ఇమ్మని అడిగాం. రసీదు వెనుక, కట్టిన సొమ్ము ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వబడదని అచ్చువేసి ఉందని చూపించారు. చదవకుండా కట్టడం మా తప్పే. మా మనవరాలు ఇప్పుడు పదో తరగతి పరీక్షలకు చదువుకుంటోంది. పరీక్షలయ్యాక ఖమ్మంలోనే, సాయంత్రం వెలుతురుండగానే ఇంటికి చేరగలిగే కళాశాలలో హెచ్ఈసీ ఉందేమో చూడమని నాకు పని అప్పగించింది.

ఇట్లు,
భౌతికశాస్త్ర విశ్రాంత అధ్యాపకురాలు,
ఖమ్మం