ఇంటిదొంగను పట్టించినవారికి

నా కీబోర్డులో ఇప్పుడు ఎఫ్ నొక్కితే ఎఫ్ ఒక్కటే పడుతోంది. ఈ మాట రాయడానికి నాకు మూడు వారాలు, ముగ్గురి సాయం కావలసి వచ్చాయి. ఆ ముగ్గురికీ విడివిడిగా కృతజ్ఞతలు చెప్పుకున్నాను గానీ, జరిగింది నలుగురిలో చెప్పకపోతే అప్పు తీరినట్టు లేదు. పైగా నా కీబోర్డు కోడ్ ఫైలు వాడుతున్నవాళ్లు మరికొందరున్నారు. వాళ్లకు చెప్పవలసింది కృతజ్ఞత కాదు, క్షమాపణ.

కీలన్నీ నిట్టనిలువు గీతల్లో ఉండే చిన్న కీబోర్డు నాది, సొంతంగా సోల్డర్ చేసుకున్నది. లోపల ఏటీమెగా32యూ4 చిప్పు, దాని మీద క్యూఎంకే ఫర్మ్‌వేర్, అంటే కీబోర్డును నడిపే ప్రోగ్రాం. ఒకరోజు బుద్ధి తక్కువై రెండు పనులు కలిపి చేశాను. అరిగిన స్విచ్‌లు రెండు మార్చాను. అదే ఊపులో కొత్త మ్యాక్రోలు (ఒక్క కీతో వరుసగా చాలా కీలు పడే ఏర్పాట్లు) చేర్చేసరికి ఫర్మ్‌వేర్ 28,672 బైట్లు దాటింది. చిప్పులో 32 కేబీ ఉన్నా, కొత్త ఫర్మ్‌వేర్‌ను ఎక్కించే బూట్‌లోడర్‌కు 4 పోగా మనకు దక్కేది అంతే. సైజు తగ్గుతుందని ఎల్‌టీఓ (కోడ్ మొత్తాన్ని కలిపి చూసి కుదించే కంపైలర్ సదుపాయం) ఆన్ చేశాను. తగ్గింది, సంతోషించాను.

మర్నాటి నుంచి ఎఫ్ వెంట వీ కూడా పడడం మొదలైంది. ఒక పూట బుద్ధిగా ఉండేది, మరో పూట ఎఫ్ ఉన్న ప్రతి మాటా పాడయ్యేది. మార్చిన స్విచ్‌లలో ఒకటి ఎఫ్‌దే కాబట్టి నా అనుమానమంతా సోల్డర్ మీదకే పోయింది. స్విచ్ పీకి మళ్లీ పెట్టాను. డయోడ్ మార్చాను. స్విచ్ అదురు సద్దుమణిగేదాకా ఆగే వ్యవధిని, అంటే డీబౌన్స్‌ను, 5 మిల్లీసెకన్ల నుంచి 20కి పెంచాను. డయోడ్ మార్చాక రెండు రోజులు నయమైనట్టే అనిపించింది కూడా. అతుకు పదేపదే కరిగించడంతో బోర్డు మీది రాగి ప్యాడ్ లేచిపోయే దశకు వచ్చాక గానీ ఎవరినైనా అడుగుదామన్న ఆలోచన రాలేదు.

మొదట స్పందించినాయన మందు చెప్పలేదు, ఒక ప్రశ్న అడిగారు: “అదనంగా పడే అక్షరం ఎప్పుడూ కింది వరుసదేనా? పై వరుసది ఎప్పుడైనా పడిందా?”

నేను గమనించనే లేదు. ఆరోజంతా కాగితం దగ్గర పెట్టుకుని లెక్క రాశాను. ఎఫ్ కొడితే వీ. ఆర్ కొడితే ఎఫ్! ఆర్ స్విచ్‌ను నేను అసలు ముట్టుకోలేదు. వీ కొట్టినప్పుడు మాత్రం ఎఫ్ ఒక్కసారి కూడా పడలేదు. ఆ లెక్క పంపిన పావుగంటలో జవాబు వచ్చింది: “సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టండి. మీ స్కాన్ ఫైలు చూపించండి.” అంటే ఏ కీ నొక్కి ఉందో వెతికే కోడ్.

కీబోర్డు మన వేళ్లన్నింటినీ ఒకేసారి చూడదు. ఒక అడ్డువరుసను సున్నా వోల్టులకు దించి, నిలువు తీగల్లో ఏది దానితో పాటు దిగిందో చదువుతుంది. దిగిన తీగ ఉంటే అక్కడ కీ నొక్కి ఉన్నట్టు. తర్వాత ఆ వరుసను వదిలి కింది వరుసకు వెళుతుంది. అయితే వదిలిన వెంటనే నిలువు తీగ పైకి లేవదు. దాన్ని పైకి లాగేది చిప్పు లోపలి పుల్-అప్ అనే రెసిస్టర్ ఒక్కటే, అదీ 20 నుంచి 50 కిలోఓమ్‌ల బలహీనమైన లాగుడు. తీగ లేచేలోపే కింది వరుస చదివితే, పై వరుసలో నొక్కిన కీ కింది వరుసలో కూడా నొక్కినట్టు కనిపిస్తుంది. కీ నొక్కి ఉన్నంతసేపూ ప్రతి స్కాన్‌లోనూ ఇదే తంతు కాబట్టి డీబౌన్స్‌కు అది చక్కని, స్థిరమైన కీలాగే ఉంటుంది. నేను 20 పెట్టినా 200 పెట్టినా ఒకటే.

క్యూఎంకే సొంత స్కాన్ కోడ్ ఇలాంటిచోట మామూలుగా 30 మైక్రోసెకన్లు ఆగుతుంది. మా బోర్డుకు విడిగా రాసిన ఫైలులో ఆ ఆగడం లేదు. లేకపోగా, ఆ చోట ఒక వ్యాఖ్య ఉంది: “ఇక్కడ ఆగనవసరం లేదు, వేగం కోసం తీసేశాను.” తీసేసిన మహానుభావుడు రెండేళ్ల క్రితపు నేనే. ఇన్నాళ్లూ పాత కోడ్ నిదానంగా నడుస్తూ నా తప్పును కాపాడింది. ఎల్‌టీఓ ఫంక్షన్లను కలిపేసి కోడ్‌ను చురుగ్గా మార్చగానే ఆ కాస్త వ్యవధీ పోయింది. ఆర్, ఎఫ్, వీ ఉన్న నిలువు తీగే బోర్డులో అన్నిటికంటే పొడవైనది, అందుకే ముందు అది బయటపడింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈయన ఒక్క ప్రశ్నతో పట్టారు.

అదే బోర్డు ఉన్న ఒకావిడ, తన దగ్గర ఏ ఇబ్బందీ లేకపోయినా, ఒక ఆదివారమంతా వెచ్చించి రకరకాల వ్యవధులతో ఫర్మ్‌వేర్‌ను ఫ్లాష్ చేసి (చిప్పులోకి ఎక్కించి) చూశారు. నా బోర్డులో 3 మైక్రోసెకన్లకే దయ్యం వదిలింది. ఎల్‌టీఓ ఆన్ చేసి చూస్తే ఆవిడ బోర్డులో 5 కావలసి వచ్చింది. ఆవిడ చూడకపోతే నేను 3 అని రాసి చేతులు దులుపుకునేవాణ్ని.

ఇక నా సవరణను పరిశీలించినాయన ఓపిక గురించి. నేను పంపిన మార్పు నాలుగు వందల పైచిలుకు కోడ్ వరుసలు. అందులో అసలు మార్పు ఒక్క వరుస, మిగతాదంతా నా ఎడిటర్ ఖాళీలు సర్దిన ఘనకార్యం. ఆయన విసుక్కోలేదు. “ఈ ఒక్క వరుసే మళ్లీ పంపండి” అన్నారు. పంపాక, అంకె వేసే బదులు క్యూఎంకేలో ఇందుకోసం ఉన్న, 30 మైక్రోసెకన్లు ఆగే ఫంక్షన్‌నే పిలవమన్నారు. తర్వాత ఇంకో మాట అన్నారు: “నొక్కిన కీ ఏదీ లేని వరుసలో తీగ దిగనే లేదు కదా, అక్కడ ఎందుకు ఆగడం?” నిజమే. ఇప్పుడు కీ నొక్కి ఉన్న వరుస తర్వాతే ఆగుతోంది. కీల వరుసలు నాలుగింటిలోనూ ఆగినా మొత్తం 120 మైక్రోసెకన్లు, 5 మిల్లీసెకన్ల డీబౌన్స్ ముందు అదొక లెక్క కాదు. అయినా వేగం కోసమని రెండేళ్ల క్రితం నేను చేసిన పనిని, సరిగ్గా చేస్తే ఎలా ఉంటుందో చూపించారు.

సవరణ ప్రధాన కోడ్‌లో కలిసింది. నా పాత వ్యాఖ్యను తొలగించి, అక్కడ ఎందుకు ఆగాలో రెండు వాక్యాల్లో రాశాను. ఆ ఫైలు వాడుతున్నవాళ్లు దయచేసి తాజా కోడ్ తీసుకుని మళ్లీ కంపైల్ చేసి ఫ్లాష్ చేసుకోండి, ఎల్‌టీఓ ఆన్‌లో లేకపోయినా సరే. ఈ మధ్య ఎవరైనా అనుమానంతో స్విచ్‌లు పీకి ఉంటే, నన్ను మన్నించండి.