అయ్యగారు పోలీస్ స్టేషన్‌కూ రావాలి

సంపాదకులకు,

మ్యాన్‌హోల్‌లో దిగి కార్మికులు చనిపోయారన్న వార్తలు హైదరాబాద్‌లో ఆగడం లేదు. చనిపోయేవాళ్లు ఎక్కువగా దళితులే, వాళ్లలో క్రైస్తవ కుటుంబాలూ ఉన్నాయి. అలాంటి ఇంటి నుంచి వకీలు కన్నా ముందు కబురు వెళ్లేది సంఘం అయ్యగారికే, అంటే చర్చి పాస్టర్‌కే. అందుకే నగరంలోని మెథడిస్టు పాస్టర్లను ఉద్దేశించి ఇది రాస్తున్నాను.

మూత తీసి కాసేపు ఉంచితే లోపలి విషపు గాలి పోతుందనుకుంటారు. బురదలో కాలు పెట్టి కదిపినప్పుడే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఒక్కసారిగా పైకి లేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కుకు వాసన తెలియడమే మానేస్తుంది, మనిషి అక్కడే కూలిపోతాడు. అతన్ని లాగడానికి దిగిన రెండోవాడూ లేవడు.

ఆ తర్వాత జరిగేదే మరీ అన్యాయం. కాంట్రాక్టర్ ఖర్చులకంటూ కొంత నగదు చేతిలో పెట్టి, కాగితం మీద వేలిముద్ర తీసుకుని, త్వరగా భూస్థాపన చేసేయమంటాడు. కేసు బీఎన్‌ఎస్‌ఎస్ (నేర విచారణ పద్ధతి చట్టం) 194వ సెక్షన్ కింద ప్రమాద మరణంగా నమోదై అక్కడితో ఆగిపోతుంది. పరిహారం అడిగేనాటికి అతను పనిలో ఉండగా చనిపోయాడనడానికి ఆధారం ఉండదు.

కాబట్టి ప్రార్థనకు వెళ్లిన అయ్యగారు కుటుంబంతో పాటు స్టేషన్‌కూ వెళ్లాలి. ఎవరు దిగమన్నారో పంచనామాలో రాయించాలి. ఎఫ్‌ఐఆర్‌లో బీఎన్‌ఎస్ (శిక్షా స్మృతి) 106వ సెక్షన్‌తో, అంటే నిర్లక్ష్యం వల్ల మరణం నేరంతో పాటు 2013 నాటి పాకీపని నిషేధ చట్టంలోని 7, 9 సెక్షన్లు ఉండాలని పట్టుబట్టాలి. పోస్టుమార్టం కాకుండా భూస్థాపన వద్దు. కాంట్రాక్టర్ చేసిన ఫోన్ కాల్స్, వాట్సాప్ మెసేజ్‌లు, తోటి కూలీల పేర్లు ఆ రోజే భద్రం చేయాలి. కూలీలు మర్నాటికి ఊరికి వెళ్లిపోతారు, లేదా మాట మార్చేస్తారు. తర్వాత కలెక్టర్‌కు అర్జీ పెట్టాలి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా వకీలును అడగాలి.

మురుగు కాల్వల మరణాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లో చెప్పింది. క్రైస్తవులం కదా, మనకేం రాదని చాలా కుటుంబాలు వెనకడుగు వేస్తాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు, ఇక్కడ వాళ్లు వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సి కిందికి వస్తారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దగ్గర అది అడ్డొస్తుంది, అది వేరే పోరాటం. ఈ 30 లక్షలకు మాత్రం మతంతో పనిలేదు. ఈ ఒక్క సంగతి ప్రతి సంఘంలో ఆదివారం ప్రకటనల్లో చెప్పినా చాలా మేలు.

మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ 1791 ఫిబ్రవరి 24న, చనిపోవడానికి వారం లోపే, బానిస వ్యాపారంపై పోరాడమని బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు విల్బర్‌ఫోర్స్‌కు ఉత్తరం రాశారు. ఆయన పేరు చెప్పుకునే సంఘాలు ఈ పని మనది కాదనడం తగదు. మెథడిస్టు చర్చి హైదరాబాద్ రీజినల్ కాన్ఫరెన్స్ పెద్దలు న్యాయ సేవాధికార సంస్థ వకీళ్లను పిలిపించి, పాస్టర్లందరికీ ఒక రోజు శిక్షణ ఇప్పించాలని, అర్జీ నమూనాలు తెలుగులో అచ్చువేసి ప్రతి చర్చి ఆఫీసులో ఉంచాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, సికింద్రాబాద్