శాస్త్రవేత్తల జవాబు మరుసటి వారానికి వాయిదా పడకూడదు

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి చుట్టూ శాస్త్ర సంస్థలకు కొదవ లేదు. 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఊళ్లోనే ఉంది. 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్ (కేంద్ర ప్రభుత్వ విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ) రెండూ ఏర్పేడు వైపు స్థిరపడ్డాయి. చిత్తూరు దారిలో గాదంకి వాతావరణ పరిశోధనశాల, అలిపిరి వైపు ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉండనే ఉన్నాయి. 2022లో జిల్లాల పునర్విభజన జరిగాక శ్రీహరికోట కూడా మన జిల్లాలోకే వచ్చింది. ఇన్ని ఉన్నా, ఇక్కడి జనానికి ఏదో ఒక వింత కనబడి, ఇది ఎందుకు జరిగిందని ఫోన్లలో ఒకరినొకరు అడుగుకునే వేళకు, జవాబు చెప్పడానికి ముందుకు వచ్చేది వీటిలో ఏ ఒక్కటీ కాదు. సొంత ఛానల్ నడుపుకునే ఎవరో ఒకరు గట్టి గొంతుతో, భయం గొలిపే సంగీతం జోడించి చెప్పిందే ఆ పూటకు శాస్త్రమైపోతోంది.

2021 నవంబరు వానలను ఈ ఊరివారు ఎవరూ మరిచిపోయి ఉండరు. ఆ వానల తర్వాత శ్రీకృష్ణ నగర్‌లో ఒక ఇంటి ఆవరణలోని నీళ్ల సంపును ఒక మహిళ లోపలికి దిగి శుభ్రం చేస్తుండగా, సిమెంటు వరలతో కట్టిన ఆ సంపు ఉన్నట్టుండి నేలను చీల్చుకుని నిలువునా పైకి లేచింది. ఆ దృశ్యం చూస్తుండగానే ఊళ్లు దాటి తిరిగింది. భూమి లోపల ఏదో కదులుతోందన్న భయం మొదలుకొని బ్రహ్మంగారు ముందే చెప్పారన్న మాట దాకా, దాని కింద చేరని వ్యాఖ్య లేదు. అసలు కారణం హైస్కూలు పిల్లలు చదివే ఆర్కిమెడిస్ సూత్రమే: మునిగిన వస్తువు ఎంత నీటిని పక్కకు తప్పిస్తే, అంత నీటి బరువుకు సమానమైన బలంతో నీరు దానిని పైకి నెడుతుంది.

లెక్క కోసం 5 అడుగుల వ్యాసం, 20 అడుగుల లోతు ఉండి, అడుగున కాంక్రీటు పరిచిన సంపును ఊహించుకుందాం. అది భూమిలో ఆక్రమించే చోటు దాదాపు 11 ఘనపు మీటర్లు. చుట్టూ ఉన్న నేల పైదాకా నీటితో నిండిపోతే, ఆ నీరు సంపును సుమారు 11 టన్నుల బరువుకు సమానమైన బలంతో పైకి నెడుతుంది. రెండు అంగుళాల మందమున్న వరలన్నీ కలిపి తూచినా మూడున్నర, నాలుగు టన్నులకు మించవు. సంపు నిండుగా ఉన్నంతకాలం లోపలి నీటి బరువు ఆ నెట్టుడును అణచి ఉంచుతుంది. కడగడానికని నీళ్లన్నీ తోడేస్తే ఇక ఆపవలసింది పక్కనున్న మట్టి పట్టు ఒక్కటే, రోజుల తరబడి నానిన మట్టికి ఆ పట్టు కూడా సడలి ఉంటుంది. నిపుణులు ఈ వివరణ ఇవ్వకపోలేదు, పత్రికల్లోనూ వచ్చింది. అయితే వీడియో వెళ్లిన ఫోన్లన్నిటికీ వివరణ వెళ్లలేదు. వివరణతో పాటు ఆ సాయంత్రమే చేరవలసిన మరో ముఖ్యమైన మాట ఉంది: నేల ఆరేదాకా సంపులను పూర్తిగా ఖాళీ చేయవద్దని, ఖాళీ చేసిన సంపులోకి మనుషులు దిగవద్దని. ఆ వారం తిరుపతిలో వరద బురద చేరిన ఇళ్లన్నిటికీ అవసరమైన హెచ్చరిక అది.

జనానికి శాస్త్రం మీద ఆసక్తి లేదనేవారి మాట నేను ఒప్పుకోను. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగుతున్నప్పుడు ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఒకే సమయంలో 80 లక్షల మందికి పైగా చూశారు. నాలుగు రోజుల తర్వాత ఇస్రో ఒక చిన్న గ్రాఫును తన ఖాతాలో పెట్టింది. చంద్రుడి నేల పైభాగాన 50 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడి ఉంటే, 8 సెంటీమీటర్ల లోతున సున్నాకు దిగువన సుమారు 10 డిగ్రీలు ఉన్నట్టు విక్రమ్ ల్యాండరు లోని పరికరం కొలిచింది. బెత్తెడు లోతులో 60 డిగ్రీల తేడా! చంద్రుడి పైపొర వేడిని కిందికి పోనివ్వడంలో ఎంత పిసినారో చెప్పే ఈ అంకె మీద మన తెలుగు గ్రూపుల్లో జరిగిన చర్చ తక్కువ. ప్రయోగానికి ముందు నమూనాతో శాస్త్రవేత్తలు తిరుమలకు వెళ్లడం తగునా కాదా అన్న దాని మీద జరిగిన గొడవ ఎక్కువ. ఆ గొడవలో రెండు పక్షాలకూ నా వంతు నమస్కారం. ఉపగ్రహం ఏమి కొలుస్తుందో చెప్పేవారు తెలుగులో లేనప్పుడు, జనం తమకు తెలిసిన విషయం మీదే వాదించుకుంటారు.

గ్రహణం వస్తే, ఆ వేళ మాత్రమే రోకలి ఆధారం లేకుండా నిలబడుతుందంటూ పళ్లెంలో రోకలి నిలబెట్టిన వీడియోలు వస్తాయి. వాటికి జవాబుగా మనవాళ్లలో కొందరు చేస్తున్నది వెక్కిరింత. రోకలి నిలబెట్టిన పెద్దావిడను మూఢురాలని నలుగురిలో నవ్వితే, ఆమె మనవడు శాస్త్రం వైపు రాడు, అవ్వ వైపే నిలబడతాడు; అది న్యాయం కూడా. రోకలి కింది భాగం చదునుగా ఉండి, దాని గరిమనాభి (బరువంతా ఒకచోట చేరినట్టు లెక్కించే బిందువు) నుంచి దించిన నిలువు గీత ఆ చదును లోపలే పడితే, అది ఏ రోజైనా నిలబడుతుంది. ఈ సంగతి చెప్పడానికి సరైన దారి, గ్రహణానికి వారం ముందు ఆ అవ్వ చేతనే, ఆమె ఇంటి రోకలినే, అదే పళ్లెంలో నిలబెట్టించి చూపడం. తర్వాత ఎవరి ఇంట్లో వారు చేసి చూసి, నిలబడిందో పడిందో పంపమనాలి. ఉపన్యాసం వినిపించడం కన్నా ఇలా చేయించి చూడనివ్వడం జనాన్ని ఎక్కువగా కలుపుకుపోతుంది. గ్రహణ వేళ తిరుమలలో తలుపులు మూసి, శ్రీకాళహస్తిలో తెరిచి ఉంచే ఆచారాల జోలికి నేను పోవడం లేదు. అవి ఆగమ విషయాలు, రోకలి మాత్రం భౌతికశాస్త్రం.

శాస్త్రవేత్తలు ఎందుకు ముందుకు రారన్న ప్రశ్నకు వారు చెప్పే కారణాలు కొట్టిపారేయదగినవి కావు. మాట్లాడాలంటే పైవారి అనుమతి కావాలి. పదోన్నతికి లెక్కలోకి వచ్చేది పరిశోధన పత్రం, రెండు నిమిషాల తెలుగు వీడియో కాదు. పైగా ఒక్క మాట జారితే దానిని కత్తిరించి ఊరంతా తిప్పేవారున్నారు. ఇందులో రెండో చిక్కు తీరడానికి మార్గం కాగితం మీద ఇప్పటికే ఉంది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2022లో విడుదల చేసిన శాస్త్రీయ సామాజిక బాధ్యత మార్గదర్శకాల ప్రకారం, శాస్త్రరంగంలో పనిచేసే ప్రతి ఒక్కరూ సంవత్సరానికి కనీసం 10 పనిదినాలు తమ జ్ఞానాన్ని సమాజంతో పంచుకోవడానికి వెచ్చించాలి. జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు బడిపిల్లలను బస్సుల్లో తెచ్చి ప్రయోగశాల చూపించడంతో ఆ బాధ్యత తీరిపోయినట్టు భావించడం మనకు అలవాటైంది. ఫోనులో వచ్చిన ప్రశ్నకు తెలుగులో ఇచ్చిన జవాబును కూడా ఆ పది రోజుల లెక్కలో జమ చేస్తే, సంస్థకు అదనపు ఖర్చేమీ ఉండదు.

గాదంకి అంటే మనలో చాలామందికి టోల్‌గేటే గుర్తు. ఆ ఊళ్లోనే 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల మైదానంలో 1024 యాంటెనాలు బారులు తీరి, 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను ఆకాశంలోకి పంపుతూ, పైగాలుల్లోని సుడుల నుంచి తిరిగొచ్చే సన్నని ప్రతిధ్వనిని బట్టి ఏ ఎత్తున గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో కొలుస్తాయి. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే మన రైతులు రాత్రంతా ఫోన్లో చూసేది మాత్రం స్వచ్ఛందంగా వాతావరణం చెప్పే కుర్రవాళ్ల పోస్టులను. వారిలో చాలామంది బాధ్యతగా చెబుతున్నారు, వారి రుణం మనమీద ఉంది. సూచన ఇవ్వడం వాతావరణ శాఖ పని, అది గాదంకి పని కాదన్నదీ నిజమే. అయినా ఈ రోజు మన నెత్తిన పది కిలోమీటర్ల ఎత్తులో గాలి ఎలా ఉంది, దానిని ఎలా కొలిచారు అన్నది వారానికొకసారి ఒక్క నిమిషం తెలుగులో చెబితే, ముప్పు వచ్చిన రోజున ఎవరి మాట నమ్మాలో జనానికి ముందే తెలిసి ఉంటుంది.

తొందరపడి చెబితే తప్పు దొర్లదా అని అడగవచ్చు. తెలియనిది తెలియదనే చెప్పాలి. సంపు లేచిన రోజున కూడా, ఇది నీటి నెట్టుడు కావచ్చు, సంపు ఖాళీ అవుతున్నప్పుడే లేచిందా, చుట్టూ నేల నాని ఉందా అని ఆ ఇంటివారిని కనుక్కోండి, మేము రేపు వచ్చి చూస్తాం అని చెప్పి ఉంటే చాలు. శాస్త్రవేత్త ఎలా ఆలోచిస్తాడో, ఏమి అడిగి తేల్చుకుంటాడో ఆ రెండు ప్రశ్నల్లోనే జనానికి తెలిసిపోయేది.

పత్రికల బాధ్యత గురించి కూడా ఒక మాట. భూమి సూర్యుడికి 66 శాతం దూరం జరుగుతోందని, అందువల్ల చలి, జలుబు తప్పవని చెప్పే సందేశం జూలై దగ్గర పడేసరికి తిరుగుతూ ఉంటుంది. జనవరిలో దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్లుండే దూరం జూలైలో 15.2 కోట్లవుతుంది, అంటే తేడా మూడు శాతానికి కొంచెం ఎక్కువ. పైగా అది ప్రతి సంవత్సరం జరిగేదే. ఇలాంటి వాటిని వింతల శీర్షికలో ప్రశ్నార్థకంతో వేయడం మాని, ఆ రోజే దగ్గరలోని సంస్థకు ఫోను చేసి, జవాబిచ్చినవారి పేరుతో జిల్లా పేజీలో వేయాలని మనవి.

2027 ఆగస్టు 2న సాయంత్రం పూట మన దేశంలో చాలాచోట్ల పాక్షిక సూర్యగ్రహణం కనిపించనుంది. కళ్లకు హాని లేకుండా చూసే పద్ధతిని, రోకలి సంగతిని ఆ తేదీకి నెల ముందే తెలుగులో చూపించే పనిని విజ్ఞాన కేంద్రం, ఐసర్, విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగం కలిసి తలపెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వారు ప్రశ్నలు స్వీకరించడానికి ఒక వాట్సాప్ నంబరు ప్రకటిస్తే, దానిని మొదటి పేజీలో ప్రచురించగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
తిరుపతి.