పదహారు ఛానళ్లకు ఒక్కటే ఏడీసీనా?

సంపాదకులకు,

పంపుహౌస్ మోటార్ల అదురు, కరెంటు, వోల్టేజీ పట్టే ‘అత్యాధునిక హైస్పీడ్’ మిషన్ వచ్చేసిందని పోయిన వారం మీ జిల్లా పేజీలో ఫొటోతో వేశారు. పెద్దసార్లు డబ్బా పట్టుకుని నవ్వుతున్నారు. ఆ డబ్బా మీది అక్షరాలు ఎంతమంది చదివారో గానీ, ‘16 ఛానళ్లు, 16 బిట్, 250 కిలోశాంపిల్స్’ అని ఉంది. అంటే పదహారు సెన్సర్ల దారులు, సెకనుకు రెండున్నర లక్షల కొలతలు (శాంపిళ్లు). ఆ 250 ఒక్కో ఛానల్‌కా, అన్నింటికీ కలిపా?

కలిపే. టెండరు కాగితంలోనే ‘మల్టీప్లెక్స్‌డ్’ అని రాసుకున్నారు. అంటే లోపల వోల్టేజీని అంకెలుగా మార్చే చిప్పు, అదే ఏడీసీ, ఒక్కటే, స్విచ్చు వంతులవారీగా ఒక్కో ఛానల్ దగ్గరికి తిరిగొస్తుంది. పదహారూ వాడితే ఒక్కోదానికి దక్కేది సెకనుకు 15,625 శాంపిళ్లు. పైగా ఒక ఛానల్‌కూ పక్కదానికీ 4 మైక్రోసెకన్ల ఎడం, మొదటిదానికీ చివరిదానికీ 60. యాభై హెర్ట్జ్ కరెంటులో అది, పూర్తి అలను 360 డిగ్రీలనుకుంటే, ఒక డిగ్రీ చిల్లర, పోనిద్దాం. 5 కిలోహెర్ట్జ్ అదురులో మాత్రం 108 డిగ్రీలు! ఏ బేరింగ్ ముందు మోగిందని ఈ మిషన్ను అడగడం కంటే వాచ్‌మన్‌ను అడగడం నయం.

ఇంకోటి. సెన్సర్ ఇంపెడెన్స్ (కరెంటుకు అడ్డు) ఎక్కువైతే స్విచ్చు మారేలోపు పాత ఛానల్ చార్జి దిగదు. 8 వోల్టుల ఛానల్ పక్కన వైరే తగిలించని ఛానల్‌లో కూడా అదే అల సన్నగా కనిపిస్తుంది. దాన్ని చూసి మంచి మోటారు విప్పినా విప్పుతారు.

కొలవలేనంత వేగమైన అలలను ముందే ఆపే యాంటీ ఏలియసింగ్ ఫిల్టర్ మాట టెండరులో ఎక్కడా లేదు. అది లేకపోతే 15,675 హెర్ట్జ్ రొద ఈ డబ్బాలో అచ్చంగా 50 హెర్ట్జ్‌లా కూర్చుంటుంది. ఒకసారి కలిసిపోయాక ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. రేంజి ఒక్కటే, ప్లస్ మైనస్ 10 వోల్టులు. 16 బిట్లంటే ఆ రేంజికి 65,536 మెట్లు, ఒక మెట్టు దాదాపు 0.3 మిల్లీవోల్టు. ఒక జీ (భూమి ఆకర్షణంత) త్వరణానికి 100 మిల్లీవోల్టులిచ్చే సెన్సర్ పెడితే, 0.05 జీ అదురుకు వచ్చేది 5 మిల్లీవోల్టులు, అంటే పదహారు మెట్లు. అగ్గువకు వచ్చిందని మురిసింది దీనికేనా?

అడగాల్సింది ఏమిటంటే, ఛానల్‌కో ఏడీసీ, అన్నీ ఒకే క్లాకు మీద ఒక్కసారే శాంపిల్ చేసేవి. అదురుకు సన్న తేడాలూ పట్టే 24 బిట్ డెల్టా సిగ్మా రకం ఏడీసీ కార్డు, ఛానల్‌కు 51.2 కిలోశాంపిల్స్, సెన్సర్‌కు 4 మిల్లీఆంపియర్ల ఐఈపీఈ సప్లై (సిగ్నల్ వైరు మీదే అందే స్థిర కరెంటు). ఫిల్టర్ ఆ జాతి ఏడీసీలోనే ఉంటుంది. కరెంటు, వోల్టేజీ కుదుపులకు వేరే కార్డు, ఛానల్‌కు 1 మెగాశాంపిల్, ఛానల్‌కూ ఛానల్‌కూ ఐసోలేషన్ (ఒకదాని కరెంటు ఇంకోదానికి పాకని అడ్డు). పీటీ (వోల్టేజీ కొలిచే ట్రాన్స్ఫార్మర్) నుంచి 110 వోల్టులు, సీటీ (కరెంటు కొలిచేది) నుంచి 1 లేదా 5 ఆంపియర్లు వస్తాయి. మధ్యలో ట్రాన్స్‌డ్యూసర్లు (వాటిని కార్డు తట్టుకునేంతకు దించేవి) లేకుండా నేరుగా కలిపితే కార్డు కాలుతుంది. వాటి లెక్క కూడా టెండరులో లేదు.

16 ఛానళ్లు, 1 మెగాశాంపిల్ చొప్పున, శాంపిల్‌కు రెండు బైట్లంటే సెకనుకు 32 మెగాబైట్లు, రోజుకు దాదాపు 2.8 టెరాబైట్లు. మూలనున్న పాత డెస్క్‌టాప్, యూఎస్‌బీ 2.0 వైరు మోసే బరువు కాదిది. ఆఖరి కొన్ని సెకన్లు మెమరీలో తిప్పుకుంటూ, ట్రిప్ అయిన క్షణాన ముందూ వెనకా దాచిపెట్టే ప్రీట్రిగ్గర్ ఉండాలి. 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలకు తొమ్మిది మంది పోయారు. అక్టోబరులో కల్వకుర్తి ఎత్తిపోతల పథకపు ఎల్లూరు పంపుహౌస్ మునిగింది. రెండుసార్లూ ‘మొదట ఏమైంది?’ అనే అడిగాం. అంత అనుభవం ఉన్న జిల్లాలం మనం, సెకనుకో అంకె రాసే పద్ధతి దగ్గరే ఆగాం.

ఎక్కడో ల్యాబ్‌కు రాసిన స్పెసిఫికేషన్ దించుకోవడం, ఎల్1కు (అందరికంటే తక్కువ ధర కోట్ చేసినవాళ్లకు) కట్టబెట్టడం, రిబ్బన్ కత్తిరించడం. ఇంజినీరింగ్ కాలేజీల్లోనూ ఇదే తంతు. తనిఖీ రోజున తప్ప డబ్బా అట్ట విప్పరు. స్క్రీన్ మీద గీతలు కదిలితే చాలు, పని చేస్తున్నట్టే!

చివరి బిల్లు ఇంకా కాలేదంటున్నారు. కోరిన అల పుట్టించే ఫంక్షన్ జనరేటర్‌తో ఒకే 5 కిలోహెర్ట్జ్ అల పదహారు ఛానళ్లకూ ఇచ్చి ఫేజు తేడా చూడండి. ఒక ఛానల్‌ను వైరు తగిలించకుండా వదిలి పక్కదాని అల ఎంత కారుతుందో చూడండి. ఒక పగలూ రాత్రీ నడిపి శాంపిళ్లు లెక్కపెట్టండి, ఎన్ని రాలిపోయాయో తేలుతుంది. ఈసారి ఫొటో వేస్తే ఆ స్క్రీన్‌ది వేయండి, సార్ల నవ్వుది వద్దు.

- విశ్రాంత ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరు, నల్లగొండ