ఏ రెండు ఇండెక్సులు కలపాలో కూడా చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ సైన్స్ పేజీలో సాపేక్ష సిద్ధాంతం మీద వచ్చిన వ్యాసం చదివాను. టెన్సర్ల (వరుసలుగా పేర్చిన సంఖ్యల పట్టికల) గురించి తెలుగులో రాయడానికి ఒకరు పూనుకున్నారని చూడగానే సంతోషం వేసి రెండుసార్లు చదివాను. కానీ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. టెన్సర్‌లో ఏవైనా రెండు ఇండెక్సులను (సంఖ్య పట్టికలో ఏ స్థానంలో ఉందో చెప్పే అక్షరాలను) సమానం చేసి కూడితే కాంట్రాక్షన్, అంటే కుదింపు, అవుతుందని, స్థలకాలం వంపుని చెప్పే రీమాన్ టెన్సర్‌ని అలా కుదిస్తే రెండే ఇండెక్సులున్న రిక్కీ టెన్సర్ వస్తుందని రాశారు. ఆ "ఏవైనా" అన్న మాటే తప్పు. ఒక్క మాటే కదా అని వదిలేయొచ్చు గానీ, కొత్తగా నేర్చుకునేవాళ్లు దెబ్బతినేది సరిగ్గా అక్కడే. నేనూ అక్కడే దెబ్బతిన్నాను, అందుకే రాస్తున్నాను.

రీమాన్ టెన్సర్‌నే తీసుకోండి. దానికి నాలుగు ఇండెక్సులు, మొదటిది పైన, మిగతా మూడూ కింద. మొదటిదాన్ని రెండోదానితో కలిపి కూడితే ఎప్పుడూ సున్నాయే వస్తుంది, స్థలకాలం ఎంత వంగి ఉన్నా సరే. ఎందుకంటే ఆ రెండింటినీ కిందకి దించి తారుమారు చేస్తే టెన్సర్ గుర్తు (ప్లస్, మైనస్) మారిపోతుంది, అలాంటి జతను కూడితే వచ్చే ఫలితం మైనస్ గుర్తు పెట్టిన తనకే సమానం కావాలి, అలా ఉండేది సున్నా ఒక్కటే. మొదటిదాన్ని మూడోదానితో కలిపితే రిక్కీ వస్తుంది. నాలుగోదానితో కలిపితే అదే రిక్కీ మైనస్ గుర్తుతో వస్తుంది. పోనీ ఇది గుర్తుపెట్టుకుంటే చాలా అంటే అదీ కాదు, కొన్ని పుస్తకాలు రీమాన్ టెన్సర్‌నే వ్యతిరేక గుర్తుతో నిర్వచించి మొదటిదాన్ని నాలుగోదానితో కలుపుతాయి. ఒక పుస్తకంలోంచి రీమాన్‌ని, ఇంకో పుస్తకంలోంచి జతని తీసుకున్న విద్యార్థికి రిక్కీతో కట్టిన 1915 నాటి ఐన్‌స్టీన్ సమీకరణం (పదార్థానికీ స్థలకాలం వంపుకీ సంబంధం చెప్పేది) గుర్తు తిరగబడి వస్తుంది. లెక్కలో తప్పు ఎక్కడుందా అని రోజుల తరబడి వెతుక్కుంటాడు. తప్పు లెక్కలో లేదు, జతలో ఉంది.

ఇంకో సంగతి వ్యాసంలో అసలు రాలేదు. పైనున్న ఇండెక్స్‌ని కిందున్నదానితోనే ఎందుకు కలపాలి? ఇది నియమం కాబట్టి పాటించండి అంటే ఎవరికీ ఒంటబట్టదు. ఒక వస్తువు 3 మీటర్లు కదిలింది, ఆ దారిలో ఉష్ణోగ్రత మీటరుకి 5 డిగ్రీలు పెరుగుతోంది అనుకోండి. గుణిస్తే 15 డిగ్రీలు. ఇప్పుడు సెంటీమీటర్లలోకి మారుద్దాం. కదలిక 300 అయింది, ఉష్ణోగ్రత పెరుగుదల సెంటీమీటరుకి 0.05 అయింది, గుణిస్తే మళ్లీ అదే 15. ఒకటి వంద రెట్లు పెరిగితే రెండోది వందో వంతుకి తగ్గింది. కదలికది పై ఇండెక్స్, పెరుగుదల రేటుది కింది ఇండెక్స్. అదే కదలికని కదలికతోనే గుణిస్తే మీటర్లలో 9, సెంటీమీటర్లలో 90,000. కొలమానం మారితే జవాబే మారిపోయే సంఖ్యతో మనం ప్రకృతి గురించి ఏం చెప్పగలం? రెండు పై ఇండెక్సులను కలపాల్సి వస్తే మధ్యలో మెట్రిక్ టెన్సర్ (దూరాలు ఎలా కొలవాలో చెప్పేది) పెట్టి ఒకదాన్ని ముందు కిందకి దించాలి. ఇంత చెప్పడానికి సగం కాలమ్ చాలు.

ఇక నా అనుభవం. నేను ప్రవాహాల మీద కంప్యూటర్ లెక్కలు చేస్తుంటాను. నీటిలో సుళ్లు ఎక్కడున్నాయో పట్టుకోవడానికి వేగం ప్రతి దిశలో ఎలా మారుతోందో చెప్పే 3 బై 3 మాత్రికని (సంఖ్యల పట్టికని) దానితోనే గుణించి, రెండు జతల ఇండెక్సులనూ కుదించి, వచ్చినదాన్ని మైనస్ సగంతో గుణిస్తాం. ఫలితం ధనాత్మకం అయినచోట సుడి ఉన్నట్టు. అక్కడ మొదటి కాపీలోని అడ్డు వరుస ఇండెక్స్‌ని రెండో కాపీలోని నిలువు వరుస ఇండెక్స్‌తో, నిలువుని అడ్డుతో కలపాలి. నేను అడ్డుని అడ్డుతో, నిలువుని నిలువుతో కలిపాను. ఎర్రర్ రాలేదు, ఎందుకొస్తుంది, అన్నీ మూడేసే కదా! కానీ ఎంత వెతికినా ఒక్క సుడీ లేదు, తెరమీద బొమ్మలో మాత్రం నీళ్లు గిరగిరా తిరుగుతూ కనిపిస్తున్నాయి. ఆ వారం పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. నేను కలిపిన తీరులో ప్రతి గడిలోని సంఖ్యా తనతోనే గుణించుకుంటుంది, వర్గాల మొత్తం ఎప్పటికీ రుణం కాదు, దాన్ని మైనస్ సగంతో గుణిస్తే ఎప్పటికీ ధనం కాదు. మొదటి వరుసలో 0, మైనస్ 1, రెండో వరుసలో 1, 0 ఉన్న చిన్న మాత్రికతో ఎవరైనా చేసి చూడొచ్చు. అది శుద్ధమైన తిరుగుడు. సరైన జతతో కూడితే మైనస్ 2, నా జతతో కూడితే ప్లస్ 2. సౌష్ఠవ మాత్రిక (అడ్డు, నిలువు వరుసలు తారుమారు చేసినా మారనిది) అయితే రెండు జతలూ ఒకే జవాబిస్తాయి. నేను ముందుగా పరీక్షించి చూసుకున్నవన్నీ అలాంటివే కావడం వల్ల తప్పు దొరకలేదు.

అప్పటినుంచీ ఒక అలవాటు చేసుకున్నాను. ఏ ఇండెక్స్‌కి ఏది జతో పేర్లతో రాసి పెట్టుకుంటాను, ప్రోగ్రాం వీలిచ్చినప్పుడల్లా ఒక్కో దిశకి ఒక్కో సైజు పెట్టి, 2, 3, 5 అలా, పరీక్షిస్తాను. చాలా తప్పు జతలు వెంటనే ఎర్రర్ ఇచ్చి బయటపడతాయి.

  

మీ వ్యాసకర్త మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, మిగతా భాగమంతా బాగా రాశారు. దయచేసి వచ్చే సంచికలో ఆ "ఏవైనా" అన్న మాటని సవరించి, రీమాన్ నుంచి రిక్కీ రావడానికి వాళ్లు ఏ రెండు ఇండెక్సులు కలిపారో, రీమాన్ గుర్తు ఏ పద్ధతిలో తీసుకున్నారో రెండు లైన్లలో వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు