ఆ రోజు రైల్లో నాకు అండగా నిలిచిన అమ్మకు

మీ పేరు కూడా అడగలేకపోయానమ్మా. పక్క సీటాయన “తాగుడు ఎలా మానేశావు?” అని అడిగితే, యేసయ్య నా జీవితంలో చేసింది చెప్పడం మొదలుపెట్టాను. ఇద్దరు లేచి అరిచారు. నా గొంతు ఎండిపోయింది, చేతిలో బైబిల్ వణికింది.

మీరు లేచొచ్చి, “అడిగింది ఆయన, చెప్పేది ఈ అబ్బాయి. చెప్పనివ్వండి” అన్నారు. మంచినీళ్ల సీసా నా చేతిలో పెట్టి, “నేను మీ చర్చికి రాను బాబూ, అయినా చెప్పు” అన్నారు. ఆ మాటకు కళ్లు చెమర్చాయి.

అడిగినవాళ్లకు మన నిరీక్షణ, అంటే దేవునిలో మనకున్న ఆశ గురించి సాత్వికంతో జవాబు చెప్పమని బైబిల్లో 1 పేతురు 3:15లో ఎన్నిసార్లు చదివానో! సాత్వికమంటే భయంతో నోరు మూసుకోవడం కాదని ఆ రోజే తెలిసింది. అరిచిన వాళ్ల మీద కోపం లేకుండా మిగతాది చెప్పగలిగాను.

మీ కోసం రోజూ ప్రార్థిస్తున్నాను. మీకు నా వందనాలమ్మా.