మా కబుర్లను కాలక్షేపం అనకండి

సంపాదకులకు నమస్కారం.

ఫోన్ల వల్ల మనుషులు ఒకరికొకరు దూరమైపోతున్నారని మీ పత్రికలో తరచూ రాస్తున్నారు. మా అమ్మాయి చదివి వినిపిస్తుంటుంది. చూపున్నవాళ్ల సంగతి ఎలా ఉన్నా, నాకు మనుషులు దొరికింది మాత్రం ఫోన్‌లోనే.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లోనే జాకెట్లు కుట్టేదాన్ని. మొదట రేచీకటి వచ్చింది, తర్వాత పక్కచూపు తగ్గింది, ఆఖరికి సూదిలోకి దారం ఎక్కించలేకపోయాను. రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నారు డాక్టరు. కుట్టు మానేశాక నా దగ్గరకొచ్చే ఆడవాళ్లూ రావడం మానేశారు. గుడికెళ్లాలన్నా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి, వాళ్లకు తీరిక ఉండాలి. ఇక్కడ వికలాంగుల సమావేశాలు ఒడియాలో జరుగుతాయి. కూరగాయల బేరానికి నా ఒడియా చాలుతుంది గానీ, కష్టం చెప్పుకోవడానికి చాలదు. పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నంలో అందరిదీ తెలుగే అయినా, రాష్ట్రం వేరు కదా, అక్కడి జాబితాల్లో మేముండం.

ఫోన్ తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ నేర్చుకున్నాక చూపులేని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో చేరాను. తెర మీద వేలు జరిపితే అక్కడున్నది పలుకుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. బొబ్బిలి పిన్నిగారొకరు రాత్రి వంట అయ్యాక పద్యం పాడి పంపుతారు. పొయ్యి మంట ఎంతుందో చప్పుడును బట్టి పోల్చుకోవడం ఆవిడే చెప్పారు. నోటు ఎంతదో పలికే రిజర్వు బ్యాంకు మణి యాప్ వాడటం కరీంనగర్ తమ్ముడొకడు నేర్పాడు. ఇప్పుడు పాలవాడికి డబ్బులు నేనే లెక్కపెట్టి ఇస్తున్నాను. వీళ్లెవరినీ నేను కలవలేదు. అయినా నాకు జ్వరమొస్తే ముందు అడిగేది వాళ్లే. ఒడిశా ప్రభుత్వమిచ్చే మధుబాబు పింఛనుతో మందులొస్తాయి, మాట్లాడే మనిషి రాడు. "ఈవిడకెందుకు ఫోను" అనే ఇళ్లవాళ్లు ఇది గమనించాలి.

మాకు అడ్డు పడుతున్నది వేరే ఉంది. వార్తనో కథనో ఫొటో తీసి పెడితే మా ఫోన్ "చిత్రం" అని ఊరుకుంటుంది. పాత అను ఫాంట్లలో ఉన్న తెలుగును కాపీ చేసి పెడితే ఇంకా ఘోరం. ఆ అక్షరాల వెనక ఉండేది ఇంగ్లీషు గుర్తులు కాబట్టి అర్థంలేని గోల వినిపిస్తుంది. సమాచారం మాకు అందే రూపంలో ఉండేలా ప్రభుత్వం చూడాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు కూడా తీర్పిచ్చింది.

మీ ఈ-పేపరు కూడా మాకు బొమ్మల పుస్తకమే. అన్నీ ఒక్కసారి మార్చమని అడగను. ముందు ఆదివారం కథలనూ మా జిల్లా వార్తలనూ మా ఫోన్ చదవగలిగే యూనికోడ్ అక్షరాల్లో పెట్టించండి. ఫొటో వేసినచోట అందులో ఏముందో ఒక వాక్యం రాయించండి. మా గ్రూపులో చదివి, ఎక్కడ ఆగిపోతోందో మీ సిబ్బందికి చెప్పడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా